గ్రంథాలయం మేడ మీద చిత్రశాల పెడితే మా ఊళ్ళో ఎవరైనా చూస్తారా?

కొబ్బరితోట:

మాది పాలకొల్లు దగ్గర పల్లెటూరు. ఊళ్ళో పాత గ్రంథాలయం ఉంది, కింద పేపర్లు చదివే గది, పైన ఒక పెద్ద హాలు. ఆ హాలు ఏళ్ళ తరబడి ఖాళీగానే ఉంది, విరిగిన కుర్చీలు పడేస్తున్నారు. దాన్ని శుభ్రం చేసి చిన్న చిత్రశాలగా మారుద్దామని మేం ఏడెనిమిది మందిమి అనుకుంటున్నాం. పంచాయతీలో ఈ మాట ఎత్తగానే ఒక పెద్దాయన, "బొమ్మలు చూసి ఏం చేస్తార్రా, ముందు డ్రైను సంగతి చూడండి" అన్నారు. ఆయన మాట తీసిపారేసేది కాదు, వానలు పడితే మా రెండు వీధుల్లో మోకాలి లోతు నీళ్ళు నిలుస్తాయి. నేను అక్కడ ఏమీ చెప్పలేక కూర్చుండిపోయాను.

అసలు ఈ ఆలోచన మా అమ్మ వల్ల వచ్చింది. పోయిన కార్తీకంలో గోదావరి స్నానానికి రాజమండ్రి తీసుకెళ్ళాను. స్నానం, దర్శనం అయ్యేసరికి తొమ్మిదిన్నర, మా రైలేమో సాయంత్రం. అంతసేపు ఎక్కడ కూర్చోబెడతానని దామెర్ల రామారావు గారి చిత్రాలున్న ఆర్ట్ గ్యాలరీకి తీసుకెళ్ళాను. అమ్మకి 64 ఏళ్ళు, అలాంటి చోట కాలు పెట్టడం అదే మొదలు. ఎవరూ చెప్పకుండానే గుమ్మం బయట చెప్పులు విడిచేసింది. నేను గబగబా ఒక చుట్టు తిరిగొచ్చేసరికి ఒక చిన్న నీటిరంగుల బొమ్మ దగ్గర ఆగిపోయి ఉంది. గోదారి, అవతల కొండలు. భుజాల చుట్టూ కొంగు కప్పుకుని, ముక్కు అద్దానికి తగిలేంత దగ్గరగా వంగి చూస్తోంది. "ఇది ఎర్రనీళ్ళు రాకముందు గోదారిరా. ఎండాకాలం చివర ఇలాగే ఉంటుంది, ఇసక మీద పల్చగా. పొద్దున్నే కూర్చుని వేశాడు ఈయన" అంది. పొద్దున్నే అని ఎలా తెలిసిందమ్మా అంటే, కొండలు అలా పొగ పట్టినట్టు ఉండేది పొద్దుటి పూటే, ఎండెక్కితే ఆ పొగ విడిపోతుంది అంది. నేను డిగ్రీ చదివాను, ఆ బొమ్మ ముందు నుంచి రెండుసార్లు నడిచాను, నాకు ఏ కాలమో ఏ పూటో తట్టలేదు. తిరుగు రైల్లో అమ్మ అడిగిన మాట ఒకటే: "అక్కడికి మనలాంటోళ్ళు ఊరికే వెళ్ళి చూడొచ్చా? ఎవరూ ఏమీ అనరా?"

ఆ ప్రశ్న నన్ను పట్టుకుని వదల్లేదు. ఎందుకంటే నాకు దానికి ఎదురు అనుభవం కూడా ఉంది. రెండేళ్ళ క్రితం ఒక పెద్ద నగరంలో మ్యూజియంకి మా పిల్లల్ని తీసుకెళ్తే, బోర్డులన్నీ ఇంగ్లీషులో, గది గదికీ "నడవండి నడవండి" అని తోలడం, మా చిన్నది ఒక రాతి ఏనుగు ముందు నిలబడితే చెయ్యి పట్టి లాగేశారు. మళ్ళీ వెళ్దామా అంటే పిల్లలు వద్దంటున్నారు.

అందుకని అడుగుతున్నాను. ఇలాంటి చోట్లు అసలు ఎవరి కోసం? మా పెద్దాయనకి నేనేం చెప్పాలి? మీరైతే ఏముంటే ఆ మేడ ఎక్కుతారు?

డ్రాయింగు మాస్టారు:

కొబ్బరితోట గారూ, నేను ముప్పై ఏళ్ళు హైస్కూళ్ళలో డ్రాయింగు చెప్పాను, ఎక్కువగా కోనసీమలోనే. మీ అమ్మగారు ఆ బొమ్మని చూసినట్టు చూసేవాళ్ళు పరీక్షలు పాసైన వాళ్ళలో కూడా తక్కువ. ముందు ఆ మాట ఆవిడకి చెప్పండి.

మీరు వెళ్ళిన ఆ గ్యాలరీ సంగతే మీ పెద్దాయనకి సమాధానం అనుకుంటాను. రామారావు గారు 1897లో పుట్టారు. రాజమండ్రి ఆర్ట్స్ కాలేజీ ప్రిన్సిపాల్ ఆస్వాల్డ్ కూల్డ్రే ఈ కుర్రాడి చేతిలో పని చూసి, బొంబాయి జె.జె. ఆర్ట్ స్కూలుకి పంపడానికి పూనుకున్నారు. అక్కడ చదివి పేరు తెచ్చుకున్నాక బొంబాయిలోనో కలకత్తాలోనో ఉండిపోవచ్చు, అయినా తిరిగి రాజమండ్రి వచ్చి చిత్రకళాశాల పెట్టి పిల్లలకి నేర్పారు. 1925లో మశూచి సోకి పోయారు, అప్పటికి 28 ఏళ్ళు కూడా నిండలేదు. ఆయన స్నేహితుడు వరదా వెంకటరత్నం గారు ఆ బడిని నడుపుతూ, బొమ్మలు చెల్లాచెదురు కాకుండా కాపాడారు. రామారావు గారి భార్య సత్యవాణి గారు, చెల్లెలు బుచ్చికృష్ణమ్మ గారు కూడా చిత్రకారిణులే. నూరేళ్ళ కింద ఇద్దరు ఆడవాళ్ళు గోదారి ఒడ్డున కుంచె పట్టుకుని కూర్చున్నారన్న సంగతి మా స్కూల్లో ఆడపిల్లలకి చెబితే వాళ్ళ ముఖాలు మారిపోయేవి. ఆ నలుగురైదుగురు అప్పుడు డ్రైను ముందా బొమ్మ ముందా అని ఆగిపోయి ఉంటే, కార్తీకం రోజున మీ అమ్మగారికి చూడటానికి ఏం మిగిలేది?

ఇంకో సంగతి, ఇది నా తప్పు. మొదటిసారి నలభై మంది తొమ్మిదో తరగతి పిల్లల్ని బస్సులో అక్కడికి తీసుకెళ్ళి, లైను కట్టించి, మాట్లాడొద్దు ముట్టుకోవద్దు అని అరిచి, అరగంటలో బయటికి తెచ్చేశాను. తర్వాత ఏం చూశారని వ్యాసం రాయమంటే, అందరూ దారిలో తిన్న ఇడ్లీ గురించి రాశారు. మరుసటి ఏడు పద్ధతి మార్చాను. ఒక్కొక్కరికి ఒక్క బొమ్మే, కింద కూర్చుని పదిహేను నిమిషాలు చూడాలి, మిగతావి చూడకపోయినా ఫర్వాలేదు. మొదటి ఐదు నిమిషాలు గోల. తర్వాత హాలంతా నిశ్శబ్దం అయిపోయింది. ఒక కుర్రాడు, లెక్కల్లో ఎప్పుడూ తప్పేవాడు, వచ్చి నా చెయ్యి పట్టుకుని, "మాస్టారూ, ఈ బొమ్మలో నలుపే లేదండి, నీడలన్నీ నీలంగా ఉన్నాయి" అన్నాడు. బయటికొచ్చాక ఆ రోజంతా చెట్ల నీడలు చూస్తూనే ఉన్నాడు వాడు. నేను ఆ సంగతి తరగతిలో పదిసార్లు చెప్పి ఉంటాను, ఎవరికీ ఎక్కలేదు.

అందుకని మీ హాల్లో బొమ్మలు తక్కువ పెట్టండి. పన్నెండు చాలు. ఒక్కోదాని ముందు ఒక పీట వేయండి.

చెరువుగట్టు:

నేను కొంచెం అడ్డం తిరుగుతాను, ఏమీ అనుకోకండి. భీమవరం దగ్గర రొయ్యల చెరువులు చేస్తాను, బొమ్మలంటే నాకూ ఇష్టమే, మా అడివి బాపిరాజు గారు భీమవరంలోనే పుట్టారని చెప్పుకునేవాళ్ళలో నేనూ ఒకణ్ణి. కానీ మ్యూజియం అంటే నాకు ఎప్పుడూ ఒక దిగులు. ఉన్నచోట బతికే వస్తువుని పట్టుకెళ్ళి గాజుపెట్టెలో పెడతారు. అమరావతి స్తూపం రాళ్ళు కొన్ని చెన్నైలో, కొన్ని లండన్‌లో ఉన్నాయి. వాటిని ఏ నేల కోసం చెక్కారో ఆ నేల మనిషి వాటిని చూడాలంటే రైలెక్కాలి, లేదా విమానం ఎక్కాలి. మద్రాసులో పూర్వం జనం మ్యూజియాన్ని సెత్త కాలేజీ అనేవాళ్ళట, అంటే చచ్చిన కాలేజీ. జూని ఉయిర్ కాలేజీ, ప్రాణమున్న కాలేజీ. ఎవరు పెట్టారో గానీ సరిగ్గా పెట్టారు.

మన దగ్గర కళ ఎప్పుడూ గోడలకి వేలాడలేదు. కనుమ రోజు కోనసీమలో జగ్గన్నతోట తీర్థానికి వెళ్ళి చూడండి. పదకొండు ఊళ్ళ రుద్రులు ప్రభల మీద వస్తారు. వెదురు కట్టి, రంగు బట్టలు చుట్టి, అంతెత్తు ప్రభని మోసుకుంటూ నడుం లోతు కౌశిక కాలువలో దిగి, పచ్చటి వరిచేలో నుంచి నడిచి వస్తుంటే, తొక్కిన చేను రైతు కూడా దణ్ణం పెడతాడు. టికెట్ లేదు, బోర్డు లేదు, ఎవడూ నడవండి అని తోలడు. 2023లో ఢిల్లీ రిపబ్లిక్ డే పరేడ్‌లో మన రాష్ట్రం శకటం ప్రభల తీర్థమే, టీవీలో చూసి మా ఇంట్లో అందరం లేచి నిలబడ్డాం. కానీ ఆ శకటం మీద ప్రభకీ, నీళ్ళలో తడిసిన ప్రభకీ పోలిక లేదు. మీ హాల్లో ప్రభ ఫోటో పెడతారు, పిల్లలు అది చూసి తీర్థానికి రావడం మానేస్తే?

డ్రైను పెద్దాయన వైపే నేను. ఉన్న డబ్బుతో ఆ పని చేసి, కళ చూడాలనుకున్నవాళ్ళని తీర్థానికి తీసుకెళ్ళండి.

లేసుదారం:

చెరువుగట్టు అన్నయ్యా, ప్రభ గురించి మీరన్నది నిజం. కానీ అన్ని పనులూ ప్రభల్లాగా ఊరేగవు. మాది నర్సాపురం వైపు. మా అమ్మమ్మ, అమ్మ, నేను ముగ్గురం లేసు అల్లాం. మా పని తీర్థంలో ఎవరూ చూడలేదు, ఎందుకంటే అది మా అరుగు దాటి ఏజెంటు చేతికి, అక్కడి నుంచి ఓడకి వెళ్ళిపోయేది. అల్లిన మనిషి ఆ బల్లగుడ్డ మొత్తం పరిచి ఉండగా ఒక్కసారి కూడా చూడదు. నమ్మండి. చేతిపని ఒకరిది, అంటే పువ్వులు విడివిడిగా అల్లడం. ఆ పువ్వులన్నీ కలిపే అతుకుపని ఇంకో ఇంట్లో. మా అమ్మ ముప్పై ఏళ్ళలో ఎన్ని వేల పువ్వులు అల్లిందో, అవి కలిసి ఏమయ్యాయో ఆవిడకి తెలియదు.

పెళ్ళయ్యాక ఊరు మారాను. అక్కడొక మ్యూజియంలో ఒక గాజుపెట్టెలో తెల్లటి లేసు గుడ్డ కనబడింది. గుండ్రం, మధ్యలో ఎనిమిది రేకుల పువ్వు, అంచున పికో అనే చిన్న ముడులు. ఆ రేకు తిప్పే చోట మా వైపు వాళ్ళు ఒక గొలుసు ఎక్కువ వేస్తారు, రేకు చివర కొంచెం లేచినట్టు ఉంటుంది. అది ఉంది. వేళ్ళు వాటంతటవే కదిలాయి నాకు. కింద చీటీ మీద "లేసు పని, కోస్తా ఆంధ్ర" అని ఉంది, అంతే. పక్క గదిలో ఒక దొరగారి కుర్చీకి మాత్రం ఆయన పేరు, ఆయన తండ్రి పేరు, కుర్చీ ఏ ఏడు కొన్నారో అన్నీ రాశారు. నేను అక్కడున్న ఉద్యోగిని అడిగాను, ఇది అల్లిన ఊరేదో తెలుసా అండీ అని. తెలీదమ్మా, జరగండి అన్నారు. బయట మెట్ల మీద కూర్చుని చాలాసేపు ఏడ్చాను.

అయినా నేను మ్యూజియం వద్దనను. ఎందుకంటే మా పని మొత్తం పరిచి ఉండగా నా జన్మలో చూసింది అక్కడే. 2024లో నర్సాపురం లేసుకి జీఐ, అంటే ఫలానా ఊరి సరుకు అనే భౌగోళిక గుర్తింపు వచ్చింది, సంతోషం, అది సరుకుకి వచ్చిన పేరు. సరుకు చేసిన మనిషి పేరు ఎవరు రాస్తారు? కొబ్బరితోట తమ్ముడూ, మీ హాల్లో పెద్ద పెద్ద చిత్రకారులవి ఉంటాయో ఉండవో గానీ, మీ ఊళ్ళో అల్లినవి, నేసినవి, చెక్కినవి పెట్టండి, కింద ఇంటిపేరుతో సహా పేరు రాయండి, బతికుంటే పిలిచి పక్కన కుర్చీ వేయండి. ఆవిడ మనవడు స్నేహితుల్ని వెంటబెట్టుకుని వస్తాడు చూడండి. మీ మేడకి జనం రారేమో అన్న బెంగ అక్కర్లేదు.

పాత టికెట్టు:

నేను కొన్నేళ్ళు ఒక మ్యూజియంలో గార్డుగా పనిచేసి మానేశాను. నడవండి నడవండి అని తోలినవాళ్ళలో నేనూ ఉన్నాను, కాబట్టి రెండు వైపులా తెలుసు. సెలవు రోజు గదికి ఒక గార్డు, లోపల వందల మంది, ఒక్క వస్తువు పగిలితే మన జీతంలో కోత. ఆ టెన్షన్‌లో పిల్ల కనబడదు, పిల్ల చెయ్యి మాత్రమే కనబడుతుంది. ఆ అమ్మాయికి నా తరఫున క్షమాపణ చెప్పండి.

ఒకటి గమనించాను. హైదరాబాద్ సాలార్‌జంగ్ మ్యూజియంకి సెలవు మీద సందర్శకుడిగా వెళ్ళేవాణ్ణి. అక్కడ సంగీత గడియారం ముందు గంట కొట్టే వేళకి జనం వరసగా కూర్చుని ఎదురుచూస్తారు, లోపల నుంచి చిన్న బొమ్మ వచ్చి గంట కొట్టి వెళ్తుంది. ముసలివాళ్ళు, పసిపిల్లల తల్లులు, సైన్యంలో పనిచేసినాయన, ఎవరు పడితే వాళ్ళు పక్కపక్కన. మ్యూజియం మొత్తంలో జనం ఒకరితో ఒకరు మాట్లాడుకునేది అక్కడే ఎక్కువ. కారణం గడియారం ఒక్కటే అనుకోను, అక్కడ కూర్చోడానికి చోటుంది, ఫలానా టైముకి ఏదో జరుగుతుందని అందరికీ తెలుసు. మాస్టారు చెప్పిన పీట సంగతి నూటికి నూరుపాళ్ళు కరెక్టు. మీరు కూడా వారానికి ఒక టైము పెట్టండి, ఆ టైముకి ఒక మనిషి ఒక్క వస్తువు గురించి తెలుగులో మాట్లాడాలి.

మనలాంటోళ్ళు వెళ్ళొచ్చా అన్న మీ అమ్మగారి ప్రశ్న చాలా పాతది. లండన్‌లో బ్రిటిష్ మ్యూజియం 1759లో తెరిచినప్పుడు ఉచితమే, కానీ ముందుగా అర్జీ పెట్టుకుని టికెట్ తెచ్చుకోవాలి. పని మానుకుని కూలివాడు రెండుసార్లు ఎక్కడ తిరుగుతాడు? పారిస్‌లో లూవ్ర్ రాజుల కోట, విప్లవం వచ్చాక 1793లో ఆ బొమ్మలు జనానివి అని తలుపులు తీశారు. అంటే ఆ హక్కు ఊరికే రాలేదు, ఒకచోట ఏకంగా రాజ్యమే మారాల్సి వచ్చింది. ఇంత జరిగినా గుమ్మం దగ్గర చెప్పులు విడిచి భయపడే మనిషి ఇంకా ఉందంటే, తలుపు తీయడం ఒక్కటే సరిపోలేదు. లోపల నుంచి ఎవరో ఒకరు రండి అనాలి.

పనికొచ్చే మాట ఒకటి. మన తేమకి కాగితం మీద బొమ్మలు రెండు వర్షాకాలాల్లో మచ్చలు పట్టేస్తాయి. వాన కొట్టే గోడకి వేలాడదీయకండి. ఫ్రేము వెనక నాలుగు మూలలా బెండు ముక్కలు అంటించండి, గోడకీ ఫ్రేముకీ మధ్య గాలి ఆడాలి. నేరుగా ఎండ పడే కిటికీకి తెర వేయండి, నీటిరంగులు ఎండకి వెలిసిపోతాయి. హాలు మేడ మీద ఉండటం మంచిదే, వరదొచ్చినా తడవవు.

చెరువుగట్టు:

లేసుదారం చెల్లెమ్మా, మీ మాట చదివాక మా ఆవిడని అడిగాను. వాళ్ళ అమ్మ కూడా అల్లేదట, పెళ్ళై ఇన్నేళ్ళయినా నాకు తెలియదు. ట్రంకుపెట్టెలో ఒక ముక్క ఉంది, అతకని పువ్వులు పదమూడు. ప్రభ గురించి నా మాట మార్చుకోను, అది చేలోనే ఉండాలి. కానీ ఈ పువ్వులు ట్రంకులో ఉండాల్సినవి కాదు. కొబ్బరితోట గారూ, మీకు పంపుతాం, పేరు రాసి పెడితేనే.

కొబ్బరితోట:

అందరికీ దణ్ణాలండి. పెద్దాయన్ని నిన్న వాళ్ళింటికెళ్ళి కలిశాను. చిత్రశాల గురించి వాదించలేదు. మీ నాన్నగారు తాటి దూలాలు చెక్కేవారట కదా అని అడిగాను. లేచి లోపలికెళ్ళి ఒక బాడిశ తెచ్చి చూపించారు, పిడి మీద బొటనవేలు ఆనే చోట గుంట పడిపోయి ఉంది. మా వీధిలో మూడిళ్ళ దూలాలు ఆయన చెక్కినవేనట, ఒకదాని మీద చిలకల జంట ఉందట. ఆ ఇంటి ముందు నుంచి నేను రోజూ వెళ్తాను. డ్రైను అర్జీ మీద మా ఎనిమిది మందిమీ సంతకాలు పెట్టాం, అది కూడా మా పనే అని చెప్పాం. బాడిశ ఇస్తారా అంటే ఆలోచించి చెబుతానన్నారు.

ప్రస్తుతానికి తేలింది ఇది: పదమూడు లేసు పువ్వులు, చిలకల దూలం ఫోటో, మాస్టారు పంపుతానన్న పిల్లల బొమ్మలు ఆరు, బడి నుంచి అడిగి తెచ్చిన పీటలు. ఆదివారం సాయంత్రం ఐదింటికి ఒక్క గంట. మొదటి ఆదివారం అమ్మ మాట్లాడుతుంది, గోదారి నీళ్ళు ఏ నెలలో ఏ రంగులో ఉంటాయో చెబుతానంది. ఆవిడ ఒప్పుకుంది గానీ మేడమెట్లకి పట్టుకోడానికి ఏమీ లేదు, మోకాళ్ళ నొప్పులు. ముందు ఆ మెట్లకి పైపు రెయిలింగు వేయించాలి, పాలకొల్లులో వెల్డింగు వాళ్ళు తెలిసినవారు ఎవరైనా ఉంటే చెప్పండి.